కాపలా కుక్కకు చూపు ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మా గొర్రెల మందకు కాపలా ఉండే కుక్కకు 2 ఏళ్లు. 20 రోజుల క్రితం జ్వరం, కళ్ల పుసులు, చీమిడి, విరేచనాలు వచ్చి తగ్గాయి. 4 రోజులుగా దొడ్డి తడికెకు గుద్దుకుంటోంది. నిద్రలోనూ ముందరి కాలు అదురుతోంది. కళ్లు శుభ్రంగానే ఉన్నాయి. దిష్టి అంటున్నారు. గొర్రెలకు అంటుతుందా?
– ఒక రైతు, నారాయణపేట జిల్లా

జవాబు: దిష్టి కాదు. మీరు చెప్పిన వరుసను బట్టి డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు అనిపిస్తోంది. అయితే రేబిస్‌లోనూ నరాల లక్షణాలు ఉంటాయి. డాక్టరు చూసేవరకు కుక్కను విడిగా కట్టండి, నోటి దగ్గర చేయి పెట్టకండి. కరిచినా, చొంగ పుండుకు తగిలినా సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

జ్వరం తగ్గి కుక్క కోలుకున్నట్టు కనిపించే రోజుల్లోనే ఈ వైరస్ మెదడులో పని చేస్తుంటుంది. నరాల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. బోరు మోటారు తీగకు తొడుగు ఊడితే కరెంటు దారిలోనే పోతుంది కదా, ఈ పొర పాడైన నరంలో కబురు కూడా అలాగే దారి తప్పుతుంది. కొంత హాని వైరస్ చేస్తే, దాన్ని తరమడానికి వచ్చిన రక్షక కణాలు మరికొంత చేస్తాయి. కంటి నరం మెదడు నుంచి సాగిన భాగమే. దాని పొరనూ మెదడులోని కణాల వంటివే అల్లుతాయి. అందుకే కనుగుడ్డు తేటగా ఉన్నా చూపు పోతుంది.

కాస్త దూరం నుంచే దాని ముందు దూది ఉండను జారవిడవండి. దూదికి చప్పుడు ఉండదు. చూపున్న కుక్క తల తిప్పుతుంది. చీకట్లో టార్చి వేస్తే కంటిపాప చిన్నదవ్వాలి. పెద్దగానే ఉండిపోతే కంటి నరం వాచిందని అనుమానించాలి. అరికాలి మెత్తలు, ముక్కు గట్టిబడ్డాయేమో కూడా చూసి, అవన్నీ డాక్టరుకు చెప్పండి.

వైరస్‌ను చంపే మందు లేదు. మూర్ఛలకు, నీరసానికి, వాపుకు వైద్యం ఉంది. కొన్నిటికి చూపు కొంత తిరిగి వస్తుంది. కాలి అదురు మాత్రం చాలావాటిలో మిగిలిపోతుంది. స్టెరాయిడ్లు సొంతంగా వేయకండి.

డిస్టెంపరే అని తేలితే గొర్రెల గురించి బెంగ వద్దు. పారుడు రోగం వైరస్ దీనికి దగ్గరి బంధువే అయినా, ఈ కుక్క జబ్బు వల్ల మందకు పారుడు రాదు. వీధికుక్కలతో, ఇతర కుక్కలతో మాత్రం కలవనీయకండి, గిన్నెలు వేరు చేయండి. కొత్త కుక్కపిల్లకు 6–8 వారాల వయసులో టీకా మొదలుపెట్టి, 16 వారాలు దాటేవరకు 3–4 వారాలకోసారి వేయించండి.

చూపు రాకపోయినా దాన్ని వదిలేయకండి. నీళ్ల గిన్నె, పడక చోటు మార్చకుండా ఉంచితే వాసనతో, మీ గొంతుతో దారి పట్టుకుంటుంది.