పాదాలకు కరెంట్ పెడితే షుగర్ మాత్రలు మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 56. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేస్తున్నాను. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతున్నాను. ఈ మధ్య హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 8.4 వచ్చింది. అరికాళ్లు మంటలు, అప్పుడప్పుడు మొద్దుబారినట్టు ఉంటున్నాయి. మోకాళ్ల నొప్పులతో ఎక్కువ దూరం నడవలేను. మా వీధి కల్యాణ మండపంలో పొద్దున పూట పాదాలకు ఉచితంగా కరెంట్ థెరపీ ఇస్తున్నారు. చేయించుకుంటే హాయిగా ఉంటోంది. ముందు, తర్వాత టెస్ట్ చేస్తే షుగర్ 40 పాయింట్ల దాకా తగ్గినట్టు చూపిస్తోంది. మిషన్ కొనుక్కుంటే మూడు నెలల్లో మాత్రలు మానేయొచ్చంటున్నారు. నమ్మొచ్చా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మాత్రలు మాత్రం మానకండి. ఇప్పటికే 8.4 ఉంది, అరికాళ్లలో మంటలు మొదలయ్యాయి. ఇప్పుడు మందులు ఆపితే షుగర్ ఇంకా పెరుగుతుంది. పైకి ఏమీ తెలియకుండానే కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతింటూ పోతాయి.

అలాగని కరెంట్ వైద్యం అంతా బూటకం అనను. దాని వెనక శాస్త్రం ఉంది. రక్తంలోని గ్లూకోజ్‌ని ఇన్సులిన్ సాయంతో ఎక్కువగా లాక్కునేవి కండరాలే. టైప్ 2 షుగర్‌లో ఇన్సులిన్ ఉన్నా కండరం దానికి సరిగా స్పందించదు. కానీ కండరం బిగిసి వదులవుతున్నప్పుడు ఇన్సులిన్‌తో పని లేకుండానే గ్లూట్4 అనే ప్రోటీన్ కణం పైపొరకు చేరి గ్లూకోజ్‌ని లోపలికి తీసుకుంటుంది. వ్యాయామంతో షుగర్ తగ్గడానికి ఇదొక ముఖ్య కారణం. తొడలకు, పిక్కలకు ప్యాడ్లు అంటించి కరెంట్‌తో కండరాన్ని బిగిసేలా చేసినా ఇదే జరుగుతుంది. 2003లో క్యోటో పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ల కాళ్లకు 20 నిమిషాలు ఇలా కరెంట్ ఇచ్చి చూశారు. ఇస్తున్నంతసేపూ, ఆపిన తర్వాత కూడా శరీరం గ్లూకోజ్‌ని ఎక్కువగా వాడుకుంది. ఆ తర్వాత షుగర్ ఉన్నవాళ్ల మీద జరిగినవి చాలావరకు చిన్న పరిశోధనలే. కొన్నిటిలో కాస్త మేలు కనిపించింది, కొన్నిటిలో పెద్దగా లేదు. మందులు మాన్పించే స్థాయి ఆధారం మాత్రం వాటిలో లేదు. పక్షవాతం వచ్చినవాళ్లకు, వెన్నుపాము దెబ్బతిని కాళ్లు కదపలేనివాళ్లకు ఫిజియోథెరపిస్టు చేతిలో ఇది నిజంగా విలువైన సాధనం.

మీకు అక్కడ ఇస్తున్నది ఆ వైద్యమేనా? మిషన్ మీద కాళ్లు పెట్టినప్పుడు తొడ, పిక్క కండరాలు కంటికి కనిపించేలా బిగుస్తున్నాయో లేదో చూడండి. అరికాళ్లలో జివ్వుమనడం తప్ప ఏమీ లేకపోతే షుగర్ తగ్గడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. హాయిగా ఉండటం అబద్ధం కాదు. చర్మం మీద కరెంట్ ఇస్తే నరాల నొప్పి, మంట కొందరికి కాసేపు తగ్గుతాయి. దెబ్బతిన్న నరం మాత్రం దానితో బాగుపడదు.

ఇక ఆ 40 పాయింట్ల సంగతి. టిఫిన్ తిన్నాక గంట, గంటన్నరకు షుగర్ బాగా పెరిగి, ఆ తర్వాత దానంతటదే దిగుతుంది. పొద్దున వేసుకున్న గ్లిమెపిరైడ్ కూడా అదే సమయంలో పనిచేస్తుంటుంది. పైగా గ్లూకోమీటర్ రీడింగ్‌లోనే పది పదిహేను శాతం తేడా ఉండొచ్చు. ఒకరోజు థెరపీకి వెళ్లకుండా అదే టిఫిన్ తిని, అవే టైముల్లో ఇంట్లో ఊరికే కూర్చుని రెండుసార్లు చూసుకోండి. ఆ తగ్గుదలలో మిషన్ వాటా ఎంతో మీకే తెలుస్తుంది.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది మీరు రాసిన 'మొద్దుబారడం'. స్పర్శ తగ్గిన పాదానికి కరెంట్ ఎక్కువైనా, చర్మం కాలినా తెలియదు. చిన్న బొబ్బ పుండై, పుండు ఎముక దాకా వెళ్లి వేళ్లు తీసేయాల్సి రావడం షుగర్ వైద్యంలో అరుదు కాదు. పాదాలకు పరీక్ష జరిగేవరకు ఆ మిషన్ జోలికి వెళ్లకండి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు కూడా డాక్టర్‌ని అడక్కుండా ఇలాంటివి పెట్టించుకోకూడదు.

కరెంట్‌తో ఇన్సులిన్ మానేశారన్న వార్తలు కూడా ఈ మధ్య వస్తున్నాయి. అది వేరే పద్ధతి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎండోస్కోపీ ద్వారా చిన్నపేగు మొదటి భాగం లోపలి పొరకు విద్యుత్ పల్స్‌లు ఇచ్చారు. 14 మందిలో 12 మంది ఇన్సులిన్ ఆపగలిగారు. ఆశ కలిగించే ఫలితమే, కానీ వాళ్లంతా సెమాగ్లూటైడ్ అనే షుగర్ తగ్గించే మందు కూడా వాడారు. ఇంకా పెద్ద పరీక్షలు జరగాలి. పాదాల కింద పెట్టే మిషన్‌కి దానితో సంబంధం లేదు.

కండరం బిగిస్తే మేలు అన్నప్పుడు, మీ కండరాలను మీరే బిగించొచ్చు. కొట్లో కుర్చీలో కూర్చునే వేళ్లు నేలకు ఆనించి మడమలు పైకెత్తి దించుతూ ఉండండి. 2022లో హ్యూస్టన్ పరిశోధకులు ఇలాంటి పిక్క కదలికను గంటల తరబడి చేయిస్తే, తీపి నీళ్లు తాగాక షుగర్ పెరగడం బాగా తగ్గింది. మీకు అంతసేపు కుదరదు, ఫలితం కూడా అంత ఉండకపోవచ్చు. అయినా భోజనం అయిన వెంటనే పది పదిహేను నిమిషాలు చేయండి. కాలు చాపి తొడ బిగించి కాసేపు ఉంచి వదలండి, మోకాలికీ మంచిది. నొప్పి తగ్గాక ఎన్టీఆర్ స్టేడియంలో నెమ్మదిగా నడక మొదలుపెట్టొచ్చు. రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించి కూర, పప్పు పెంచండి.

మిషన్‌కి పెట్టే డబ్బు ఉంటే మంచి ఎంసీఆర్ చెప్పులు (షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు వాడే మెత్తటి రబ్బరు చెప్పులు) కొనుక్కోండి, మిగిలింది పరీక్షలకు ఉంచుకోండి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో కొందరికి బీ12 తగ్గి ఇలాగే తిమ్మిర్లు వస్తాయి. బీ12 పరీక్ష చేయించుకోండి, తక్కువైతే భర్తీ చేయడం తేలిక. కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, ఇంకా కంటి రెటీనా పరీక్షలు ఈ ఏడాది చేయించుకోకపోతే అవి కూడా చేయించండి. ఆ రిపోర్టులతో మీ డాక్టర్ దగ్గరకు వెళ్తే మందులు మార్చాలా, కొత్తది కలపాలా అన్నది తేలుస్తారు. పాదాలకు మోనోఫిలమెంట్ పరీక్ష (సన్నటి నైలాన్ పోగు ఆనించి స్పర్శ తెలుస్తోందో లేదో చూడటం) చేయమని మీరే అడగండి. ఈలోగా రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి, లేదా ఇంట్లోవాళ్లతో చూపించుకోండి. బొబ్బ, పగులు, రంగు మారడం, వాపు ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.