ప్రభుత్వ ఆరోగ్య బీమా తీసుకునే కంటి డాక్టరు దగ్గర్లో ఎవరున్నారో ఎలా తెలుసుకోవాలి?

ముందు మీ బీమా పథకం వెబ్‌సైట్‌లోనో హెల్ప్‌లైన్‌లోనో గుర్తింపు ఉన్న కంటి డాక్టర్ల జాబితా చూసి, తర్వాత నేరుగా క్లినిక్‌కే ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి. ఈ ఫోన్ మాత్రం మానొద్దు. ఒప్పందం ముగిసిపోయినా, డాక్టరు కొత్త పేషెంట్లను తీసుకోవడం ఆపేసినా జాబితాలో పేరు కొన్నాళ్లు అలాగే ఉండిపోవచ్చు.

"బీమా తీసుకుంటారా?" అని మాత్రమే అడిగితే చాలదు. కార్డు చేతిలో పెట్టుకుని పథకం పూర్తి పేరు చదివి చెప్పండి, ఎందుకు వస్తున్నారో కూడా చెప్పండి. ఉదాహరణకు, షుగర్ ఉన్నవారు కంట్లో చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవడం సాధారణంగా వైద్యం కింద లెక్క. కళ్లజోడు కోసం పవర్ చూపించుకోవడం చాలా పథకాల్లో వేరే పద్దు, కొన్నింట్లో అసలు ఉండదు. రెఫరల్ లెటర్ కావాలేమో కూడా అప్పుడే అడిగేయండి, కౌంటర్ దగ్గర టెన్షన్ ఉండదు.

ఆసుపత్రి బోర్డు మీద పథకం పేరుంటే లోపలి డాక్టర్లందరికీ వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండాలని లేదు. అక్కడే ఒక డాక్టరుకు ఒప్పందం ఉండి, పక్క గదిలోని డాక్టరుకు లేకపోవచ్చు. అందుకే అపాయింట్‌మెంట్ ఎవరి దగ్గరో ఆ పేరు చెప్పి అడగాలి.