ముగ్గురి గురించీ రాయి

చెల్లీ,

సుప్రీమ్స్ అనే ముగ్గురు అమెరికన్ గాయనుల బృందం మీద నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. డయానా రాస్‌తో మొదలుపెట్టి డయానా రాస్‌తోనే ముగించావు. ఆవిడ గురించి రాసేవాళ్లకు కొదవ లేదు. నువ్వు ముగ్గురి గురించీ రాయి.

1959లో డెట్రాయిట్‌లో ప్రైమెట్స్ పేరుతో మొదలైనప్పుడు వాళ్లింకా స్కూలు పిల్లలు. మేరీ విల్సన్‌ను జట్టులోకి పిలిచింది ఫ్లోరెన్స్ బల్లార్డ్. తర్వాత సుప్రీమ్స్ అన్న పేరు ఎంచుకున్నదీ ఆమే. 1961లో మోటౌన్ అనే రికార్డుల సంస్థ వాళ్లను తీసుకుంది, కానీ 1964 దాకా చెప్పుకోదగ్గ పెద్ద హిట్ లేదు. 'హిట్లు లేని సుప్రీమ్స్' అని సంస్థలోనే ఎగతాళి చేసేవారు. ఆ కాలాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నాకైతే అసలు కథంతా అక్కడే కనిపిస్తుంది: వేరేవాళ్ల రికార్డులకు చప్పట్లు కొడుతూ, వెనక గొంతు కలుపుతూ వాళ్లు పని నేర్చుకున్నది అప్పుడే.

'వేర్ డిడ్ అవర్ లవ్ గో' హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. ముందు చెక్క మీద అడుగుల దరువు వస్తుంది. మోటౌన్‌లోనే మరో గాయనుల బృందం మార్వెలెట్స్ వద్దనుకున్న పాట అది, వీళ్లకూ నచ్చలేదు. డయానా తనకు అలవాటైన శ్రుతి కంటే కిందికి దిగి పాడింది. వెనక ఫ్లోరెన్స్, మేరీ ఎక్కువగా అనేది 'బేబీ, బేబీ' అనే. ఒక్కసారి ఆ గొంతులు లేకుండా పాటను ఊహించుకో, ఎంత బోసిపోతుందో నీకే తెలుస్తుంది. 1964 ఆగస్టులో అది అమెరికాలో నంబర్ వన్ అయింది. దానితో కలిపి వరుసగా ఐదు పాటలు ఆ చోటికే చేరాయి.

1967 దగ్గర మాత్రం తొందరపడకు. ఆ ఏడాదే బృందం పేరుకు ముందు డయానా పేరు చేరింది, ఫ్లోరెన్స్ స్థానంలో సిండీ బర్డ్‌సాంగ్ వచ్చింది. ఎవరో ఒకరిని విలన్ చేస్తే నీ పని సులువవుతుంది, అంతే. 1976లో ఫ్లోరెన్స్ 32 ఏళ్లకే చనిపోయింది. దయచేసి ఆ చావును క్లైమాక్స్‌గా వాడుకోకు. అంతకంటే 1968 నాటి 'లవ్ చైల్డ్' గురించి రాయి. రికార్డు మీద 'డయానా రాస్ అండ్ ద సుప్రీమ్స్' అని ఉంటుంది, కానీ వెనక పాడింది మేరీ, సిండీ కాదు, ఆండాంటీస్ అనే స్టూడియో గాయనులు. ఆ బృందంలో ఏం జరుగుతోందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

1970లో డయానా వెళ్లిపోగానే నీ వ్యాసం ఆగిపోయింది. మేరీ 1977 దాకా బృందాన్ని నిలబెట్టింది. డయానా స్థానంలో వచ్చిన జీన్ టెరెల్ పాడిన 'స్టోన్డ్ లవ్' అమెరికాలో టాప్ టెన్‌లోకి వెళ్లింది. ముందు అది విని, ఆ ఏడేళ్ల భాగం రాసి పంపు. నిడివి పెరిగినా టెన్షన్ పడకు.

మీ అక్క