మొదటి అయస్కాంత క్షేత్రం ఎక్కడి నుంచి వచ్చింది?

గెలాక్సీల్లోని అయస్కాంత క్షేత్రం బిగ్ బ్యాంగ్ సమయంలోనే పుట్టిందా, తర్వాత వచ్చిందా అని అడిగారు. ఇంకా తేలలేదు. నా మొగ్గు మాత్రం మొదటి దానివైపే.

పరిశోధన విద్యార్థిగా నేను రెండేళ్లు ఫారడే భ్రమణం లెక్కలే చేశాను. దూరపు గెలాక్సీ నుంచి వచ్చే రేడియో తరంగం, అయస్కాంత క్షేత్రం ఉన్న ప్లాస్మాను (విద్యుదావేశ కణాల వాయువును) దాటేటప్పుడు దాని ధ్రువణ తలం, అంటే తరంగం ఊగే తలం, తిరుగుతుంది. ఆ కోణానికీ తరంగదైర్ఘ్యం వర్గానికీ గ్రాఫ్ గీస్తే సరళరేఖ రావాలి. దాని వాలును బట్టి క్షేత్రం అంచనాకొస్తుంది. నా మొదటి గ్రాఫ్‌లో నాలుగు చుక్కలూ గీత మీదే కూర్చున్నాయి. అయినా జవాబు తప్పు! తలం 180 డిగ్రీలు తిరిగినా, అసలు తిరగకపోయినా ఒకేలా కనిపిస్తుంది. మధ్యలో ఒక అరచుట్టు నా లెక్కలోకి రాలేదు. దగ్గర దగ్గర పౌనఃపున్యాల్లో డేటా చేర్చాక వాలే మారిపోయింది.

ఇలాంటి కొలతల ప్రకారం గెలాక్సీల్లో క్షేత్రం కొన్ని మైక్రోగాస్‌లు (గాస్ అంటే క్షేత్ర బలానికి కొలమానం), అంటే భూమి క్షేత్రంలో దాదాపు లక్షో వంతు. గెలాక్సీ తిరుగుడు, వాయువుల అల్లకల్లోలం కలిసి డైనమోలా దాన్ని పెంచుతాయి. కానీ సున్నాను ఎంత పెంచినా సున్నానే. విత్తు కావాలి. 1950లో లుడ్విగ్ బీర్మన్ ఒక దారి చూపాడు: ప్లాస్మాలో ఉష్ణోగ్రత ఒక దిక్కున, సాంద్రత ఇంకో దిక్కున మారుతుంటే, తేలికైన ఎలక్ట్రాన్లను పీడనం తోసి, అంతకుముందు క్షేత్రమే లేనిచోట కూడా అది పుడుతుంది. కాకపోతే అది చాలా బలహీనం, సుమారు 10⁻²⁰ గాస్.

గెలాక్సీ లోపల డైనమో పాత ఆనవాళ్లన్నీ చెరిపేస్తుంది. అందుకే గెలాక్సీల మధ్య ఖాళీ ప్రదేశాలు నాకు అంత ముఖ్యం. బ్లేజర్ల (భారీ కృష్ణబిలం నుంచి వెలువడే కణధార మన వైపే తిరిగి ఉన్న గెలాక్సీల) నుంచి వచ్చే అత్యధిక శక్తి గామా కిరణాలు దారిలో ఎలక్ట్రాన్–పాజిట్రాన్ జంటలుగా మారతాయి. అవి మళ్లీ తక్కువ శక్తి గామా కిరణాలను పుట్టించాలి. అంతరిక్షంలోని ఫెర్మీ గామా కిరణ టెలిస్కోప్‌కు అవి ఆశించినంత కనబడలేదు. ఆ జంటలను ఏదో క్షేత్రం పక్కకు వంచుతోందని, దాని బలం కనీసం 10⁻¹⁶ గాస్ స్థాయిలో ఉండాలని 2010లో నెరోనోవ్, వోవ్క్ వాదించారు. గెలాక్సీలు లేనిచోట కూడా క్షేత్రం ఉందంటే, అది విశ్వం మొదటి క్షణాల్లోనే, విశ్వం ఒక్కసారిగా విపరీతంగా వ్యాకోచించిన ‘ఇన్‌ఫ్లేషన్’ దశలోనో, విద్యుదయస్కాంత బలమూ బలహీన కేంద్రక బలమూ విడిపోయిన విద్యుత్‌బలహీన దశామార్పులోనో పుట్టి ఉంటుందన్నది సహజమైన ఊహ. గెలాక్సీల నుంచి ఎగజిమ్మే వాయువులు అంత విశాలమైన ఖాళీలను నింపాయంటే నాకు నమ్మకం కుదరదు.

ఒక అభ్యంతరాన్ని మాత్రం కొట్టిపారేయలేను. ఆ జంటల శక్తిని దారిలోని ప్లాస్మా అస్థిరతలే (ఆ జంటలు ప్లాస్మాలో రేపే అలజడులే) తినేస్తే, క్షేత్రం లేకపోయినా గామా కిరణాలు తగ్గుతాయి. అది తేలేదాకా నా మొగ్గును మొగ్గుగానే తీసుకోండి.