ఫుట్సల్‌లో ఉరుకుడు కన్నా ఆగుడే బరువు

ప్రశ్న: మా బడిలో 13, 14 ఏండ్ల పిల్లలకు సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టులో ఫుట్సల్ (చిన్న కోర్టులో జట్టుకు ఐదుగురు ఆడే ఫుట్‌బాల్) నేర్పిస్తున్నాను. దమ్ము పెరగాలని పొద్దున్నే అందరినీ 3 కిలోమీటర్లు ఉరికిస్తున్నాను. ఇద్దరికి మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది. ఏ స్థానంలో ఆడేవారికైనా ఒకే సాధన చాలా?
– వ్యాయామ ఉపాధ్యాయుడు, జడ్చర్ల

జవాబు: ముందు నొప్పి సంగతి. చిప్పకు కాస్త కింద, కాలి ఎముక మీద వేలితో నొక్కితే సలుపుతుంటే అది చాలావరకు ఆస్గుడ్-ష్లాటర్ సమస్యే. ఎదిగే వయసులో అక్కడి ఎముక ఇంకా గట్టిపడదు. పిల్లవాడు ఉరికి టక్కున ఆగినప్పుడల్లా తొడ ముందు కండరం ఆ చోటునే గుంజుతుంది. సిమెంటు నేల అయితే దెబ్బ ఇంకా ఎక్కువ. ఆ ఇద్దరికీ దుంకడం, షాట్లు, ఉరుకుడు ఆపి, నొప్పి లేనంత మేర పాస్‌లు మాత్రమే ఇవ్వండి. ఆట తర్వాత గుడ్డలో చుట్టిన ఐసు 10 నిమిషాలు పెట్టాలి. కుంటుతున్నా, రాత్రి నొప్పితో లేస్తున్నా ఎముకల డాక్టరుకు చూపించాలి.

3 కిలోమీటర్లు ఆపేయండి. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉండే అసలు ఫుట్సల్ కోర్టులో కూడా ఎవరూ ఒకే తీరుగా అంతసేపు ఉరకరు. పది మీటర్లు దూసుకుపోవడం, ఆగడం, తిరగడం, ఇదే ఆట. సాధనా అలాగే ఉండాలి: 10 మీటర్లు పోయి, ఆగి, తిరిగొచ్చి, 20 సెకన్లు విశ్రాంతి. ఇలా 6 సార్లు. ఈ వయసుకు వారంలో రెండు రోజులు, నడుమ కనీసం ఒక రోజు ఎడం చాలు. చివరి ఉరుకులో మోకాళ్లు లోపలికి వాలుతుంటే ఆ రోజుకు ఆపేయాలి, అలసిన కాలు తప్పుగా ఆగడమే నేర్చుకుంటుంది.

స్థానాల తేడా నిజమే. పక్కల ఆడే వింగర్లకు పైన చెప్పిన ఉరుకులే ప్రాణం. వెనక కాచే ఫిక్సోకు పక్కకు, వెనక్కి జరిగే అడుగులు కావాలి. ముందుండే పివట్ వీపుతో ప్రత్యర్థిని కాచుకుంటూ బంతి నిలుపుతాడు కాబట్టి పిర్రలు, నడుము గట్టిపడాలి. గోల్‌కీపర్ 3 మీటర్ల గోలును కాళ్లు చాపి మూయాలి, గజ్జల కండరాలకు విడిగా సాధన తప్పదు. అయితే 14 ఏండ్లలోపు ఎవరినీ ఒకే చోట కట్టేయకండి. మార్పిడులకు లెక్క లేదు కాబట్టి 3, 4 నిమిషాలకోసారి ఆటగాళ్లను మారుస్తూ ఉండండి.

ప్రశ్న: వయసు 42. ఆదివారం టర్ఫ్‌లో (కృత్రిమ గడ్డి పరిచిన మైదానంలో) ఫుట్‌బాల్ ఆడతాను. పావుగంటకే పిక్క పట్టేస్తోంది. స్టడ్స్ బూట్లు వాడవచ్చా?
– పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: పొడవాటి స్టడ్స్ వద్దు. అవి టర్ఫ్‌లో దిగబడి పాదం నిలిచిపోతుంది, ఒళ్లు తిరుగుతుంది, మధ్యలో మోకాలు మెలిపడుతుంది. పొట్టి రబ్బరు బుడిపెలున్న టర్ఫ్ బూట్లు కొనండి. సిమెంటు, చెక్క నేలకైతే చదునైన రబ్బరు అడుగు.

వారమంతా కూర్చుని ఆదివారం ఒక్కసారే దూకడమే పిక్క పట్టేయడానికి పెద్ద కారణం. మెట్టు అంచున ముని వేళ్లపై నిలబడి మడమ పైకెత్తి, 3 సెకన్లు పట్టేలా నెమ్మదిగా దించండి. 12 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. ఆటకు ముందు 15 నిమిషాలు నడక, మెల్లటి ఉరుకుడు, పక్క అడుగులతో ఒళ్లు వేడెక్కించండి. గ్రౌండులో పూర్తి వాక్యం మాట్లాడలేనంత ఆయాసం వస్తే బయటకు వచ్చి కూర్చోండి. ఎండాకాలంలో పగలు ఆడకండి, టర్ఫ్ మామూలు నేల కన్నా ఎక్కువ కాలుతుంది. బీపీ, షుగర్ ఉంటే డాక్టరును అడిగాకే దిగండి. ఛాతీ బిగిసినట్లయితే వెంటనే ఆట ఆపి ఆసుపత్రికి పోవాలి. మడమ వెనక ఎవరో తన్నినట్టు టప్పుమని, ఆపై ముని వేళ్లపై లేవలేకపోతే అది పిక్క పట్టడం కాదు, నరం తెగినట్టుగా జనం చెప్పుకునే స్నాయువు (పిక్క కండరాన్ని మడమకు కలిపే తాడు లాంటి భాగం) తెగుడు. కట్టు కట్టుకుని ఊరుకోకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి.