బలం ఎటు తిప్పుతుంది: సవ్యమా, అపసవ్యమా?

ప్రశ్న: ఒక బిందువు చుట్టూ బల భ్రామకం (బలం తిప్పే ప్రభావం) కడితే నాకు విలువ సరిగ్గానే వస్తోంది, గుర్తే తప్పుతోంది. బలం పైకి ఉంటే అపసవ్యం, కిందికి ఉంటే సవ్యం అని వేస్తున్నాను. ఏటవాలు బలాలైతే అసలు తేల్చుకోలేకపోతున్నాను. నమ్మదగిన పద్ధతి ఏది?

జవాబు: మీరు బాణం ఎటు చూస్తోందో చూస్తున్నారు గానీ, అది బిందువుకు ఏ పక్క నుంచి పోతోందో చూడడం లేదు. బిందువుకు కుడిపక్కన కిందికి లాగే బలం సవ్యదిశలో, అంటే గడియారం ముళ్లు తిరిగే వైపు, తిప్పుతుంది. అదే బలం ఎడమపక్కన ఉంటే అపసవ్యం. మీ సూత్రం కుడిపక్క బలాలకే పనికొస్తుంది.

ముందు బాణాన్ని రెండు వైపులా పొడిగించి గీత గీయండి. చాలామంది ఈ పని చెయ్యరు, అక్కడే కన్ను మోసపోతుంది. ఆ గీత మీద నిలబడి బాణం మొన వైపు చూస్తున్నామనుకోండి. బిందువు మన ఎడమచేతి వైపు ఉంటే అపసవ్యం, కుడిచేతి వైపు ఉంటే సవ్యం. గీత బిందువు మీదుగానే పోతే, బలం ఎంత పెద్దదైనా భ్రామకం సున్నా.

గీత బిందువుకు మరీ దగ్గరగా పోతుంటే చూపును నమ్మకండి, బలాన్ని అడ్డు, నిలువు అంశాలుగా (భాగాలుగా) విడదీయండి. ‘క’ బిందువుకు కుడికి 3 మీటర్లు, పైకి 2 మీటర్ల చోట బలం పనిచేస్తోంది. దాని అంశాలు కుడికి 40 న్యూటన్లు, పైకి 30 న్యూటన్లు. పైకి లాగే అంశం కుడిపక్కన ఉంది కనుక 30×3 = 90, అపసవ్యం. కుడికి లాగే అంశం బిందువుకు పైన ఉంది కనుక 40×2 = 80, సవ్యం. మిగిలింది 10 న్యూటన్ మీటర్లు, అపసవ్యం. మొత్తం బలం 50 న్యూటన్లు, కాబట్టి బిందువు నుంచి గీతకు లంబదూరం 10÷50 = 0.2 మీటరు మాత్రమే. చేత్తో గీసిన పటంలో ఈ గీత బిందువుకు ఏ పక్కనైనా పడొచ్చు.

ఇప్పుడు ‘క’కు కుడికి 4 మీటర్లలో ఉన్న ‘గ’ చుట్టూ కట్టండి. నిలువు అంశం ఎడమపక్కకు, 1 మీటరు దూరానికి వచ్చింది, 30×1 = 30 సవ్యం. అడ్డు అంశం 80, అదీ సవ్యమే. మొత్తం 110 సవ్యం. బలం అదే, దిశ తిరగబడింది! అందుకే బిందువు మార్చిన ప్రతిసారీ గుర్తులన్నీ మొదటి నుంచి వేసుకోవాలి.

ప్రశ్న: సదిశా లబ్ధంతో (క్రాస్ ప్రాడక్ట్‌తో) చేస్తే గుర్తు తారుమారవుతోంది. ఎందుకు?

జవాబు: స్థాన సదిశ ముందు, బలం తర్వాత రాయాలి. స్థాన సదిశ బిందువు దగ్గర మొదలై బలరేఖను, అంటే మనం పొడిగించిన గీతను, చేరాలి. ఈ రెండింటిలో ఒకటి తిరగేస్తే గుర్తు మారుతుంది. రెండూ తిరగేస్తే జవాబు సరిపోయి తప్పు దాక్కుంటుంది, అది ఇంకా ప్రమాదం. ఫలిత సదిశ కాగితం నుంచి మీ వైపు వస్తే అపసవ్యం. కంప్యూటర్ తెరకు బొమ్మలు గీసేవారికి ఇంకో చిక్కుంది. అక్కడ సాధారణంగా వై అక్షం కిందికి పెరుగుతుంది, కాబట్టి అదే సూత్రంలో ధనాత్మక జవాబు వస్తే తెర మీద తిరిగేది సవ్యంగా.