విశ్వాసమా, నమ్మకమా?

సందేహం: మత్తయి సువార్త 9వ అధ్యాయంలో, పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీతో యేసు ప్రభువు ‘నీ విశ్వాసము నిన్ను బాగుపరచెను’ అన్నారు. ఏడు వచనాలు దాటాక ఇద్దరు గుడ్డివాళ్ళతో ‘మీ నమ్మికచొప్పున మీకు కలుగుగాక’ అన్నారు. విశ్వాసం, నమ్మిక ఒకటేనా? పైగా మామూలు మాటల్లో విశ్వాసం అంటే కుక్కకు ఉండేది కదా, దేవుడి విషయంలో ఆ మాట సరైనదేనా? స్త్రీని ‘విశ్వాసురాలు’ అనవచ్చా?

సమాధానం: మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. గ్రీకు మూలంలో ఆ రెండు చోట్లా ఉన్నది ఒకే మాట, ‘పిస్తిస్’. గుడ్డివాళ్ళను ఆయన అంతకుముందు వచనంలోనే ‘మీరు నమ్ముచున్నారా?’ అని అడిగారు, వాళ్ళు ‘నమ్ముచున్నాము’ అన్నారు. ఆ వెంటనే ‘మీ విశ్వాసము చొప్పున’ అంటే ప్రశ్నకూ ఫలితానికీ ఉన్న ముడి తెలుగు చెవికి వదులైపోతుంది. ‘నమ్మిక’ అంటే ఆ ముడి నిలుస్తుంది. నన్నడిగితే అనువాదం బాగా కుదిరిన చోటు అది.

పుట్టుకలో మాత్రం రెండు మాటలూ వేరు. ‘నమ్ము’ అచ్చతెలుగు. తమిళ కన్నడాల్లో అది ‘నంబు’. తమిళ ‘తంబి’ మనకు తమ్ముడైనట్టే, ‘కొంబు’ కొమ్ము అయినట్టే, ‘నంబు’కు మన రూపం ‘నమ్ము’. ‘విశ్వాసం’ సంస్కృతం. ఉచ్ఛ్వాస నిశ్వాసాల్లో ఉన్న ‘శ్వస్’ ధాతువే ఇందులోనూ ఉంది. ఊపిరి బిగబట్టనక్కరలేకుండా, గుండెల నిండా గాలి పీల్చుకొని నిశ్చింతగా ఉండగలగడం అన్న భావం నుంచి ‘విశ్వాసం’ వచ్చింది. దీన్ని ‘విశ్వం’తో కలిపి వ్యాఖ్యానించేవారు ఉన్నారు. వినసొంపుగానే ఉంటుంది కానీ ఆ రెంటికీ చుట్టరికం లేదు.

ఇక కుక్క సంగతి. మీ అనుమానం న్యాయమైనదే. వాడుకలో ‘తిన్న ఇంటి విశ్వాసం’, ‘విశ్వాసఘాతుకం’ అన్నప్పుడు అర్థం నమ్మడం కాదు, నమ్మదగినట్టు మెలగడం. అయితే పిస్తిస్‌కు కూడా సరిగ్గా ఈ రెండు ముఖాలూ ఉన్నాయి. గలతీయులకు రాసిన పత్రికలో ఆత్మఫలాల జాబితాలో ప్రేమ, సంతోషం, సమాధానాలతో పాటు ‘విశ్వాసము’ కనిపిస్తుంది. మంచితనానికీ సాత్వికానికీ నడుమ కూర్చున్న ఆ విశ్వాసం మాట తప్పని నిలకడ అని చాలామంది పండితుల అభిప్రాయం. అక్కడ మన మాట గ్రీకు మాటంత వెడల్పుగానూ సరిపోయింది. అదే ధాతువు నుంచి వచ్చిన విశేషణాన్ని తలాంతుల ఉపమానంలో ‘నమ్మకమైన మంచి దాసుడా’ అని తెనిగించారు. అంటే విశ్వాసం లాగే నమ్మకమూ రెండు వైపులా పలుకుతుంది. నమ్మేవాడిదీ నమ్మకమే, నమ్మదగినవాడిదీ నమ్మకమే. ప్రార్థన చివర పలికే ‘ఆమేన్’ హీబ్రూ మాట. ఆ భాషలో నమ్మడానికీ, నమ్మదగినతనానికీ, ఆమేన్‌కూ ధాతువు ఒకటే, దాని అర్థం గట్టిగా నిలవడం.

యోహాను సువార్తలో ఇంకో విశేషం ఉంది. అందులో పిస్తిస్ అనే నామవాచకం ఒక్కసారి కూడా రాదు. ‘నమ్ము’ అనే క్రియ మాత్రం 98 సార్లు వస్తుంది. యోహానుకు విశ్వాసం ఒక వస్తువు కాదు, చేసే పని. ఆ క్రియను అతడు తరచుగా ‘లోనికి’ అనే అర్థమున్న విభక్తి ప్రత్యయం లాంటి మాటతో వాడతాడు. 11వ అధ్యాయంలో లాజరు చనిపోయినప్పుడు మార్తతో యేసు అన్న మాట చూడండి: ‘నాయందు విశ్వాసముంచు ప్రతివాడును ఎన్నటికిని చనిపోడు. ఈ మాట నమ్ముచున్నావా?’ గ్రీకులో రెండుసార్లూ అదే క్రియ. మనవాళ్ళు మనిషి విషయానికి ‘యందు విశ్వాసముంచు’, చెప్పిన మాట విషయానికి ‘నమ్ము’ అని విడదీశారు. మార్త జవాబులో ఉన్నదీ ‘నమ్ముచున్నాను’ అనే. అప్పటికి ఆమె ఒప్పుకున్నది ఒక మాటను. సమాధి రాయి తీయమన్నప్పుడు ఆమే వాసన వస్తుందని అడ్డుపడింది కూడా.

అయితే ఈ తేడాకు ‘యందు విశ్వాసముంచు’ అంత బరువైన పదబంధం అక్కరలేదు. తెలుగులోనే చక్కటి ఉపాయం ఉంది: ‘కొను’. ‘అతని మాట నమ్మాను’ అంటే నిజమని ఒప్పుకున్నాను, అంతే. ‘అతన్ని నమ్ముకున్నాను’ అంటే నా బతుకు అతని చేతుల్లో పెట్టాను. ‘నమ్ముకున్నవాళ్ళను నట్టేట ముంచాడు’ అంటాం, అక్కడ ‘నమ్మినవాళ్ళను’ అంటే తిట్టులో సగం పదును పోతుంది. తెలుగు క్రైస్తవులు ‘మేం ప్రభువును నమ్ముకున్నాం’ అంటారే, గ్రీకు వ్యాకరణం ఎరగనివాళ్ళు కూడా యోహాను చెప్పదలచినదాన్ని ఆ ఒక్క ప్రత్యయంలో పట్టేశారు. బడిలో నేర్పని వ్యాకరణం ఇలాంటి చోట్లే బయటపడుతుంది.

ఆరాధనలో అందరూ కలిసి చెప్పేదాని పేరు ‘విశ్వాస ప్రమాణం’, అందులోని క్రియ మాత్రం ‘నమ్ముచున్నాను’. నామవాచకానికి సంస్కృతం, క్రియకు తెలుగు, ఇదే మన సహజ పద్ధతి. అన్ని భాషలూ ఇలా పంచుకోలేదు. పౌలు చెప్పిన ‘విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ’ అనే మూడింటిలో రెండోదాన్ని తమిళులు ‘నంబిక్కై’ అన్నారు. మనకు నమ్మకమైనది వాళ్ళకు అక్కడ ఆశ అయింది. తమిళ స్నేహితులతో వాక్యం చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

రాతలో ఒక పొరపాటు కూడా చెప్పాలి. నామవాచకంలో దీర్ఘం ఉంది కదా అని ‘విశ్వాసించు’ అని రాస్తున్నారు. క్రియలో దీర్ఘం లేదు: విశ్వసించు, విశ్వసించాను.

చివరిది, ‘విశ్వాసురాలు’. భక్తుడు, స్నేహితుడు లాంటి డుకారాంతాల నుంచి భక్తురాలు, స్నేహితురాలు వస్తాయి. ఇక్కడ మూలం ‘విశ్వాసుడు’ కాదు, ‘విశ్వాసి’. అయితే యోగి బహువచనంలో యోగులైనట్టే విశ్వాసి విశ్వాసులవుతుంది. అది భక్తులులా వినిపించేసరికి, భక్తురాలి పక్కన విశ్వాసురాలు పుట్టుకొచ్చింది. సంస్కృత పద్ధతిలో ‘విశ్వాసిని’ కావాలి, కానీ ఎవరూ అనరు. ‘విశ్వాసి’ స్త్రీపురుషులిద్దరికీ చెల్లుతుంది, నేనైతే అదే రాస్తాను. వాడుకలో స్థిరపడిన విశ్వాసురాలిని తప్పని కొట్టేయను.